ఖాళీగా కనిపించే కుండీ

శ్రోతలకు నమస్కారం.

పెద్ద చెట్టు కింద ఏమీ రాదని చాలామంది తోటలో ఆ చోటు వదిలేస్తారు. కానీ ఆ నీడే కావాలనే మొక్కలున్నాయి. చలికాలం గట్టిగా ఉండే ప్రాంతాల అడవుల్లో, పై చెట్లు ఆకులు తొడిగేలోపు నేల మీదికి ఎండ దిగే కొద్ది వారాల్లోనే ఇవి పూసేస్తాయి. ఒకసారి వేళ్లూనితే ఏళ్ల తరబడి ఉంటాయి. హెపాటికా, బ్లడ్‌రూట్, ట్రిలియం, ఇలా చాలా ఉన్నాయి. అన్నీ చెప్పే టైం లేదు. నాకు ప్రాణమైన తెల్ల ట్రిలియం గురించి చెప్తాను.

ఇది ఉత్తర అమెరికా తూర్పు అడవుల మొక్క. ఆకులు మూడు, పూరేకులు మూడు, వాటి వెనక రక్షక పత్రాలూ మూడే. తెల్లగా విచ్చుకున్న పువ్వు ముదిరేకొద్దీ గులాబీ రంగుకు తిరుగుతుంది. కెనడాలోని ఒంటారియో 1937లో దీన్నే తమ ప్రాంతీయ పుష్పంగా ఎంచుకుంది.

నేను మొదటిసారి ప్యాకెట్లో వచ్చిన ఎండు విత్తనాలు వేశాను. ఒక్కటీ మొలవలేదు. చాలా బాధేసింది. ఈ విత్తనం ఎండకూడదని తర్వాత తెలిసింది. ఎండితే చచ్చిపోవచ్చు, లేదా ఇంకా గాఢంగా నిద్రపోవచ్చు. వేసవి మధ్యలో కాయ మెత్తబడగానే కోసి, వెంటనే విత్తాలి. విత్తనానికి అంటుకుని కొవ్వు నిండిన చిన్న తునక ఒకటి ఉంటుంది. అడవిలో చీమలు దాని కోసమే విత్తనాన్ని పుట్టకు మోసుకెళ్తాయి. తునక తినేసి విత్తనాన్ని వదిలేస్తాయి. అంటే చీమలు కూడా తాజా విత్తనాన్నే నాటుతున్నాయి!

రెండోసారి తాజాగా విత్తాను. ఆకులు కుళ్లిన మెత్తటి మట్టి, సెంటీమీటరు లోతు, చెట్టు నీడలో కుండీ. చలికాలం వెళ్లింది. వసంతం వచ్చింది. మొలక లేదు. ఎండాకాలం వచ్చింది. మొలక లేదు. ఇక మట్టి పారబోద్దామని కుండీ వంచాను. వేళ్లతో కదిపితే, ఒక విత్తనం లోంచి తెల్లటి వేరు! దాని పక్కన ఇంకోటి. గబగబా మట్టి మళ్లీ కప్పేశాను. ఆ రోజు నా సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఈ విత్తనానికి రెండు చలికాలాలు కావాలి. మొదటి చలి వేరును లేపుతుంది. రెండో చలి ఆకును లేపుతుంది. ఆ మరుసటి వసంతంలో నా కుండీలో సన్నటి మొలకలు తలెత్తాయి. తర్వాత కొన్నేళ్లు ఒంటి ఆకే. ఆ పైన మూడాకులు. పువ్వుకు ఏడేళ్లు, ఒక్కోసారి పదేళ్లు కూడా పడుతుంది. అందుకే అడవిలో మొక్కను తవ్వి తెచ్చుకోవడం నాకసలు నచ్చదు. పదేళ్ల కష్టం ఒక్క పలుగుపోటుతో పోతుంది.

మిగతావన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. కుండీ పారేయకండి. మొలక రాలేదని కుండీ పారేయకండి. లేబుల్ మీద విత్తిన తేదీ రాయండి. దాని కింద, రెండు చలికాలాలు దాటాక వచ్చే వసంతం ఏ సంవత్సరమో అదీ రాయండి. పెన్సిల్‌తో రాయండి, ఇంకు ఎండకూ వానకూ వెలిసిపోతుంది. అప్పటిదాకా మట్టి తడి మాత్రం ఆరనివ్వకండి.

నమస్కారం.