బండి నడిపేవాడికి ఉంది, వెనక కూర్చునేవాడికి లేదు

వేదిక మీదున్న పెద్దలకు, సైనిక సంక్షేమ కార్యాలయం వారికి, ముందు వరసలో కూర్చున్న వీరనారీమణులకు, నాతోపాటు యూనిఫాం వేసిన అన్నదమ్ములకు నమస్కారం. డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినం జరుపుకోవడం 1949 నుంచి వస్తున్న ఆనవాయితీ. దాని గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చక్కగా చెప్పారు. నా పది నిమిషాలు వేరే సంగతికి వాడుకుంటాను, అధ్యక్షులవారు మన్నించాలి.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌ని. ఇంటర్ బైపీసీ పాసై, లక్నోలో ట్రైనింగ్ అయి, పదిహేడేళ్లు చేసి హవల్దార్‌గా పెన్షన్ మీద ఇంటికొచ్చాను. లడఖ్ కొండల్లో లేహ్ వైపు ఒక పోస్టులో నేనూ, ఒక ఆక్సిజన్ సిలిండరూ, మందుల పెట్టె. డాక్టర్ సాబ్ కింద బేస్‌లో ఉండేవారు. ఆ ఎత్తులో ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. ఒక రాత్రి అలాగే ఒక కుర్రాడికి పెదాలు నీలంగా మారాయి. రేడియో సెట్‌లో సాబ్ చెబుతుంటే, వాణ్ని నా ఛాతీకి ఆనించి కూర్చోబెట్టుకుని, తెల్లారేదాకా ఆక్సిజన్ పట్టాను. పొద్దున్నే కిందికి దించాం. బతికాడు.

ఇంటికొచ్చాక ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్లాను. పేరు వద్దు. ఆంబులెన్స్‌లో ఈఎంటీ, అంటే దారిలో పేషెంటుకి అత్యవసర వైద్యం చేసే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, ఉద్యోగం ఉందన్నారు. అక్కడి కుర్రాడు నా డిశ్చార్జ్ బుక్కు, అదే నా సర్వీసు వివరాలుండే పుస్తకం, మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పాడు. "అంకుల్, ఇందులో డిప్లొమా లేదు కదా. సెక్యూరిటీలో అయితే రేపే జాయిన్ అవ్వండి" అన్నాడు. ఆ అబ్బాయిని నేనేమీ అనను. వాడికిచ్చిన లిస్టులో మన ట్రేడ్, అంటే ఆర్మీలో మనం చేసిన పని, పేరే లేదు. ఇద్దరు ఆడపిల్లల ఫీజులు కట్టాలి. జాయిన్ అయ్యాను.

క్యాజువాలిటీ గేటు దగ్గర డ్యూటీ. వాన పడుతున్న ఒక రాత్రి ఆటో వచ్చి ఆగింది. వెనక సీట్లో కూతురి ఒళ్లో తల పెట్టి ఒక పెద్దాయన వెల్లకిలా పడి ఉన్నాడు. గురక. "నిద్రపోతున్నాడండీ" అంటోంది ఆ పిల్ల. అది నిద్ర కాదు. స్పృహ లేనివాడికి నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడితే వచ్చే చప్పుడది. నోట్లో వాంతి కూడా ఉంది. స్ట్రెచర్ ఇంకా రాలేదు. విజిల్ జేబులో పెట్టి, ఆయన్ని పక్కకు తిప్పి, జేబురుమాలుతో నోరు శుభ్రం చేసి, దవడ ముందుకు లాగి పట్టుకున్నాను. గురక ఆగింది. ఊపిరి తీసుకున్నాడు.

మర్నాడు నాకు మెమో ఇచ్చారు. "సెక్యూరిటీ సిబ్బంది పేషెంట్లను తాకరాదు." ఇదిగో, ఇదే ఆ కాగితం. డిశ్చార్జ్ బుక్కులోనే పెట్టుకున్నాను.

ఇక్కడ డ్రైవర్ అన్నలు ఉన్నారు కదా. మీరు మిలిటరీ లైసెన్స్ చూపిస్తే సివిల్ లైసెన్స్‌కి మళ్లీ పరీక్ష పెట్టారా? లేదు. 1988 మోటారు వాహనాల చట్టంలోనే ఆ మాట రాశారు. అంటే ఒకే ఫౌజీ ఆంబులెన్స్‌లో బండి నడిపినవాడి పని సివిల్‌లో చెల్లింది, వెనక రక్తం ఆపినవాడి పని చెల్లలేదు. ఎందుకని?

మీలో నర్సింగ్ అసిస్టెంట్లు ఎంతమంది? చేతులెత్తండి. ముగ్గురు... వెనకాల ఇంకొకాయన. నలుగురు. ఇప్పుడేం చేస్తున్నారో అడగను. నాకు తెలుసు.

అమెరికాలో ఆర్మీ మెడిక్‌లకు టెక్సాస్‌లోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో శిక్షణ ఇస్తారు. ఆ శిక్షణలోనే సివిల్ ఈఎంటీలు రాసే నేషనల్ రిజిస్ట్రీ పరీక్ష రాయిస్తారు. మన దగ్గర 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. ఆ ఆంబులెన్సుల్లో పనిచేసే పిల్లలకు నేను చేతులెత్తి దండం పెడతాను. 2021లో అలైడ్ హెల్త్‌కేర్ చట్టం వచ్చి, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్‌ని ఒక వృత్తిగా గుర్తించింది. ఆ వృత్తిలోకి మనకొక దారి పెట్టమనే నేనడిగేది.

ఊరికే ఇవ్వమనడం లేదు. మన పేషెంట్లలో ఎక్కువమంది ఇరవై, ముప్పై ఏళ్ల జవాన్లు. ఆంబులెన్స్‌లో కాన్పు చేయడం నాకు రాదు. ఆర్నెల్ల పాపకు ఊపిరాడకపోతే ఏం చేయాలో చేత్తో చేసి నేర్చుకోలేదు. అవి నేర్పండి. వచ్చినవాటికి పరీక్ష పెట్టండి. ఫెయిలైతే ఇంటికి పంపండి. కానీ పరీక్ష హాల్లోకే రానివ్వకపోతే ఎలా? రిటైర్మెంట్‌కు ముందు మనకు రీసెటిల్‌మెంట్ కోర్సులు ఇస్తున్నారు కదా, వాటిలో ఈ కోర్సూ ఈ పరీక్షా కలపమనండి. యూనిఫాం విప్పేనాటికి చేతిలో కార్డు ఉంటుంది.

గంట కొడుతున్నారు, ఆపేస్తాను. బయట భోజనాల బల్ల పక్కన అర్జీ పెట్టాను. సంతకం చేసేవాళ్లు నంబర్, ర్యాంక్‌తోపాటు ట్రేడ్ కూడా రాయండి. చేతులెత్తిన ఆ నలుగురు ముందు రండి, మీ డిశ్చార్జ్ బుక్కు జిరాక్సులు దానికి జత చేయాలి. వెనకాలున్న అన్నా, మీరు కూడా.