డౌన్‌హిల్ సైకిల్: పై రకానికి పెట్టే డబ్బు ఎక్కడికి పోతుంది?

శ్రోతలకు నమస్కారం. కొండ మీద నుంచి కిందికి దిగడానికి మాత్రమే తయారైన సైకిలు ఒకటుంది. డౌన్‌హిల్ సైకిల్ అంటారు. రాళ్లూ చెట్ల వేళ్లూ గతుకులూ తట్టుకోవడానికి ముందు చక్రమూ వెనక చక్రమూ 200 మిల్లీమీటర్ల దాకా పైకీ కిందికీ ఆడతాయి. బరువు 16 నుంచి 18 కిలోలు. దాన్ని తొక్కుకుంటూ కొండ ఎక్కడం మనవల్ల కాదు, ఆ అవసరమూ లేదు. స్కీయింగు కోసం వేసిన లిఫ్టులే ఎండాకాలంలో సైకిళ్లను పైకి చేరవేస్తాయి. కెనడాలో విస్లర్, స్కాట్లండ్‌లో ఫోర్ట్ విలియం, ఆస్ట్రియాలో లియోగాంగ్ ఇందుకు పేరుమోసిన చోట్లు. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకు వెర్నన్‌లోని మౌంటెన్ క్రీక్, సియాటిల్ వాళ్లకు స్టీవెన్స్ పాస్ అందుబాటులో ఉంటాయి. పిల్లవాడు ఒకరోజు అద్దె సైకిల్ మీద దిగి వస్తాడు, ఆ రాత్రే ధరల పట్టిక తెచ్చి నాన్న ముందు పెడతాడు. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది.

ఒకే పేరుతో ఒకే కంపెనీ అమ్మే సైకిల్‌కు కింది రకం 4,000 డాలర్ల చుట్టుపక్కల ఉంటే, పై రకం 8,000 దాటుతుంది. దూరం నుంచి చూస్తే రెండింటికీ తేడా రంగొక్కటే అనిపిస్తుంది. ఆ నాలుగు వేలలో కొంత పనికొచ్చే చోటికే పోతుంది, కొంత మాత్రం ఉత్త షోకు.

ముందు ఫ్రేము సంగతి. చాలా కంపెనీలు కింది రకానికీ పై రకానికీ కొలతలు ఒకటే ఉంచుతాయి. సైకిల్ ఎలా తిరుగుతుంది, నిటారు దిగుడులో ఎంత నిబ్బరంగా నిలుస్తుంది అన్నది ఆ కొలతలను బట్టే ఉంటుంది. అల్యూమినియం బదులు కార్బన్ తీసుకుంటే అర కిలో నుంచి కిలో దాకా తగ్గవచ్చు. పైకి మోసేది లిఫ్టు, కిందికి లాగేది కొండ. సెకనులో వందో వంతు కోసం పోటీపడేవాళ్లకు ఆ కిలో లెక్కలోకి వస్తుంది. సెలవు రోజు సరదాగా దిగేవాళ్లకు అందులో పెద్దగా ఒరిగేది లేదు.

గేర్ల మీద ఖర్చు ఇంకా దండగ. 2015లో లియోగాంగ్ ప్రపంచ కప్ పోటీలో అమెరికా ఆటగాడు ఆరన్ గ్విన్ బయలుదేరీ బయలుదేరగానే చైను తెగింది. ఒక్క పెడలు తొక్కకుండా కిందిదాకా దిగి ఆ పోటీ గెలిచాడు. డౌన్‌హిల్ సైకిళ్లకు ఏడు గేర్ల సెట్లు ఎందుకు సరిపోతున్నాయో దీన్నిబట్టే తెలుస్తుంది. అదే గ్విన్‌కు అదే కొండ మీద ముందటేడు వెనక టైరు పోయింది. ఒట్టి రిమ్ము మీద లైను దాటాడు గానీ గెలుపు ఊసే లేదు. చైను లేకపోయినా నడిచింది, టైరు లేకపోతే పని కాలేదు.

కింది రకం సైకిళ్లలో కంపెనీవాళ్లు చప్పుడు లేకుండా పిసినారితనం చూపించేది కూడా టైర్ల దగ్గరే. పేరు అదే ఉంటుంది, పైన గుబ్బలూ అవే, పక్క గోడ మాత్రం పలచన. రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి రెండు చోట్ల కోసుకుపోతుంది. టైరు పక్కన ఏం రాసి ఉందో చదవండి. మాక్సిస్ టైర్ల మీద ఎక్సో అని ఉంటే అది తేలికపాటి గోడ, డీహెచ్ అని ఉంటే ఈ పనికి తగిన గోడ. డీహెచ్ టైరు ఒక్కొక్కటి సుమారు 1.3 కిలోలు తూగుతుంది, ఆ బరువు మోయక తప్పదు. ముందు చక్రానికి మెత్తటి రబ్బరు రకం మాక్స్‌గ్రిప్ వేస్తే తడిసిన చెట్ల వేళ్ల మీద పట్టు ఎంత మారుతుందో మొదటి దిగుడులోనే తెలుస్తుంది. త్వరగా అరుగుతుంది, నిజమే. రెండు టైర్లూ మార్చడానికి 200 డాలర్లు అటూ ఇటూ అవుతుంది. ఫ్రేము మీద పెట్టే వేలకన్నా ఈ ఖర్చే ఎక్కువ ఉపకారం చేస్తుంది.

పై రకానికి డబ్బు పెట్టడం సబబేనా అని నిజంగా ఆలోచించవలసింది ఫోర్కు దగ్గర, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచి అణుగుతూ లేస్తూ ఉండే జంట గొట్టాల దగ్గర. ఫాక్స్ 40 అయినా, రాక్‌షాక్స్ బాక్సర్ అయినా గొట్టాలు కింది రకానికీ పై రకానికీ అంతే లావు. తేడా లోపలి డాంపర్‌లో ఉంటుంది. మన బరువు మోసేది గాలి గది. అణిగిన ఫోర్కు ఒక్కసారిగా ఎగదన్నకుండా, సన్నటి దారుల గుండా నూనెను పోనిచ్చి అదుపు చేసేది డాంపరు.

లిఫ్టు తెరిచిన నెల తిరిగేసరికి ప్రతి మలుపు ముందూ అందరూ బ్రేకులు పట్టీ పట్టీ నేల వరసగా గతుకులు తేలుతుంది. ఫోర్కు మొదటి గతుక్కి అణుగుతుంది. పూర్తిగా లేవకముందే రెండోది తగులుతుంది, ఆ వెంటనే మూడోది. నాలుగైదు గతుకులయ్యేసరికి 200 మిల్లీమీటర్ల ఫోర్కు కాస్తా సగం ఫోర్కై కూర్చుంటుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. గాలి తక్కువైందేమోనని ఎక్కిస్తారు. దాంతో ఇంకా గట్టిగా కొడుతుంది. అసలు తప్పు గాలిది కాదు, ఫోర్కు మరీ నెమ్మదిగా లేవడం. ఫోర్కు లేచే వేగాన్ని మార్చే రీబౌండ్ మరను ఒకటి రెండు క్లిక్కులు వదులు చేసి, అదే మలుపు మళ్లీ దిగి చూడాలి. పని ఏ డాంపర్‌కైనా ఇదే. మంచి డాంపర్‌లో ఆ ఒకటి రెండు క్లిక్కులకే తేడా తెలుస్తుంది.

పై రకంలో అణిగేటప్పటి అదుపు కూడా రెండుగా విడదీసి ఉంటుంది. బ్రేకు పట్టినప్పుడు ముందుకు కూలబడకుండా ఒక మర, పెద్ద రాయి ఠపీమని తగిలినప్పటికి ఇంకో మర. వీటిని వాడుకోవడం తెలిసినవాళ్లకు డబ్బు వసూలైనట్టే. తెలియనివాళ్ల చేతిలో నాలుగు మరలున్న ఫోర్కు రెండు మరలున్నదానికన్నా అధ్వానంగా కుదురుతుంది. కొన్ని ఫోర్కుల్లో డాంపర్‌ను తర్వాత విడిగా కొని మార్చుకునే వీలుంది. మీరు చూస్తున్న మోడల్‌కు ఆ వీలుందో లేదో కొట్లో ముందే అడగండి. ఉంటే కింది రకం తీసుకుని ఒక సీజను తొక్కాక నిర్ణయించుకోవచ్చు.

వెనక షాక్ అబ్జార్బర్‌కు ఇనప స్ప్రింగు ఉంటే ఒక ముఖ్యమైన సంగతి. కంపెనీ ఆ స్ప్రింగును ఫ్రేము సైజును బట్టి వేస్తుంది, మీ బరువు దానికి తెలియదు. 55 కిలోల పిల్లవాడికీ 85 కిలోల తండ్రికీ ఒకటే స్ప్రింగు ఎలా సరిపోతుంది? హెల్మెట్టూ ప్యాడ్లూ అన్నీ తొడుక్కుని, ఒకరు సైకిల్ పట్టుకోగా పెడళ్ల మీద నిలబడి కొలవాలి. ముందు ఫోర్కు 30 నుంచి 40 మిల్లీమీటర్లు కుంగాలి. వెనక, షాక్ స్ట్రోకు, అంటే అది అణగగలిగే మొత్తం దూరం, 75 మిల్లీమీటర్లయితే 22, 23 దగ్గర ఆగాలి. అక్కడికి రావడానికి స్ప్రింగు పైనున్న రింగును రెండు చుట్లకు మించి బిగించవలసి వస్తే ఆ స్ప్రింగు మీకు చాలదు. దాని మీద 400, 450 అని అంకెలుంటాయి, పై అంకెది తెచ్చుకోండి. మామూలు స్టీలు స్ప్రింగు వంద డాలర్ల లోపే దొరుకుతుంది. ఎనిమిది వేల సైకిల్‌కు తప్పు స్ప్రింగు ఉంటే నాలుగు వేల సైకిల్‌కు సరైన స్ప్రింగు ఉన్నవాడు సులువుగా దాటిపోతాడు.

బ్రేకుల్లో నాలుగు పిస్టన్లున్నవి తప్పనిసరి. ఆపైన లివరు సొగసుకు పెట్టే డబ్బు మీ ఇష్టం. స్రామ్ కంపెనీ బ్రేకులు కోడ్ ఆర్, కోడ్ ఆర్‌ఎస్‌సీ రెండూ తీసుకుంటే చక్రం దగ్గర పట్టే భాగం ఒకే తరహాది, తేడా ఎక్కువగా చేతి దగ్గరే. ప్యాడ్లు లోహపు రకం వేయించండి. రెసిన్ రకం పొడుగాటి దిగుడులో వేడెక్కి జారుతుంది. డాట్ అనే రకం బ్రేకు ద్రవం వాడే బ్రేకుల్లో ఆ ద్రవం గాల్లోని చెమ్మను పీల్చుకుంటుంది, మరిగే వేడి తగ్గిపోతుంది. కొండ సగంలో లివరు హ్యాండిల్‌కు ఆనుకుపోతే అనుమానించవలసిన వాటిలో ఇదొకటి. కొత్త ప్యాడ్లు వేశాక ఓ మాదిరి వేగం నుంచి 20 సార్లు, ఇంకాస్త వేగం నుంచి 10 సార్లు, చక్రం బిగుసుకోకుండా నెమ్మదింపజేయాలి. ఈ పని ఎగ్గొట్టి బ్రేకులు బాగాలేవని కొత్తవి కొనేవాళ్లకు కొదవ లేదు.

చక్రాలకు అల్యూమినియం రిమ్ములు చాలు. సొట్టపడితే చాలాసార్లు సరిచేసుకోవచ్చు.

ఇక లెక్క. పార్కుల్లో డౌన్‌హిల్ సైకిల్ అద్దె రోజుకు సుమారు 100 నుంచి 200 డాలర్లు. ఏడాదికి ఐదారు రోజులకన్నా వెళ్లనివాళ్లు ఏ రకం కొన్నా నష్టమే, అద్దెకు తీసుకోవడం మేలు. ఇరవై రోజులు వెళ్లేవాళ్లు మధ్య రకం తీసుకుని మిగిలిన డబ్బు టైర్లకూ స్ప్రింగుకూ సర్వీసుకూ పెట్టుకోవాలి. రాక్‌షాక్స్ ఫోర్కు కింది కాళ్లకు 50 గంటలకోసారి నూనె మార్చాలంటారు. సర్వీసు చూడని పై రకం ఫోర్కు, సర్వీసైన కింది రకం ముందు దిగదుడుపే. పోటీల్లో దిగేవాళ్లకూ, బరువైన మనుషులై వేగంగా దిగేవాళ్లకూ పై రకం ఫోర్కు, బ్రేకులు పెట్టిన డబ్బుకు తగ్గట్టు పనికొస్తాయి. కార్బన్ ఫ్రేము మాత్రం వాళ్లకూ చివరి వరసలోదే. ఏది కొన్నా, మూతి కూడా కప్పే ఫుల్‌ఫేస్ హెల్మెట్టు, మోకాలి ప్యాడ్లు, వీపు కవచం లెక్కలో మొదట రాసుకోండి. హెల్మెట్టు లోపల ఏఎస్‌టీఎం ఎఫ్1952 అని ఉందో లేదో చూడండి, డౌన్‌హిల్‌కు పెట్టిన ప్రమాణం అదే.

హైదరాబాదులోనో విశాఖలోనో ఉంటూ ఇలాంటిది తెప్పించుకోవాలనుకునేవాళ్లకు ఒక మాట. మన కైలాసగిరి రోప్‌వే సైకిళ్ల కోసం వేసింది కాదు. లిఫ్టు లేనిచోట 17 కిలోల సైకిల్‌ను జీపు మీద ఎక్కించడమే దారి. చక్రాలు 160 మిల్లీమీటర్ల దాకా ఆడే ఎండ్యూరో సైకిల్ అయితే ఎక్కనూ ఎక్కుతుంది, దిగనూ దిగుతుంది.

వాడిన పై రకం, కొత్త కింది రకం ఒకే ధరకు దొరికితే? సీజను ముగిసే వేళ, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇలాంటి బేరాలు తగులుతాయి. ఫోర్కు గొట్టాల మీద గోరు పైనుంచి కిందికి జార్చండి. గోరు ఆగిందంటే ఆ గీత సీలును కోస్తుంది. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి, ఫోర్కు కాళ్ల దగ్గర టకటకలాడితే లోపల గొట్టాలు జారే బుషింగులు అరిగాయి. జీను పట్టి పైకెత్తినప్పుడు వెనక చక్రం లేవడానికి ముందు కాస్త ఖాళీ ఆడితే బేరింగులో, షాక్ బోల్టులో వదులయ్యాయి. ఫ్రేమును తిరగేసి ఫోర్కు దూరే ముందు గొట్టం, అంటే హెడ్‌ట్యూబు కింద అతుకుల దగ్గర గుడ్డతో తుడిచి, వెలుతురులో వెంట్రుకంత పగులు కోసం చూడండి. పగులు కనిపిస్తే ఎంత చౌకైనా వదిలేయండి. మిగతావన్నీ బాగై సర్వీసు ఒక్కటే బాకీ ఉంటే, ముందూ వెనకా కలిపి సర్వీసుకు ఎంతవుతుందో కొట్లో కనుక్కుని ఆ మొత్తం ధరలోంచి తగ్గించి అడగండి.