మోత పోవాలంటే ఎర్త్ పిన్ను తీయనక్కర్లేదు

వ్యాఖ్యాత: ఇంట్లో కంప్యూటర్, స్పీకర్ల దగ్గర వచ్చే కరెంటు మోత గురించి ఈ వారం మాట్లాడుకుంటున్నాం. తెనాలి నుంచి ఒక వీణ టీచర్ గారు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఆన్‌లైన్లో వీణ చెబుతాను. కంప్యూటర్ నుంచి ఆడియో మిక్సర్‌కి వైరు కలిపితే చాలు, స్పీకర్లలో గుయ్యిమని ఒకటే మోత. తంబూర పెట్టుకుంటే దాని వెనకాల ఇంకో శ్రుతి పలుకుతున్నట్టే ఉంటుంది.

నిపుణుడు: అది మన కరెంటు శ్రుతేనమ్మా. 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100. వీణ మీద మంద్ర తంతి పలికేదీ ఆ చుట్టుపక్కలే కదా, అందుకే మీ చెవికి మరీ బాధ. ఏమైనా మార్చి చూశారా?

శ్రోత: ఎలక్ట్రీషియన్ వచ్చి కంప్యూటర్ ప్లగ్గుకి టూ పిన్ అడాప్టర్ తగిలించాడు. మోత పోయింది. కానీ నిన్న ఇల్లు ఊడుస్తూ ఆడియో వైరు తీసి కంప్యూటర్ కేబినెట్ జరపబోతే చెయ్యి జివ్వుమంది.

నిపుణుడు: అమ్మా, ముందు ఆ స్విచ్ కట్టేసి అడాప్టర్ తీసేయండి. తర్వాత మాట్లాడుకుందాం... తీశారా?

శ్రోత: తీశానండీ.

నిపుణుడు: కంప్యూటర్ పవర్ సప్లై నుంచి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ కేబినెట్‌లోకి కారుతూ ఉంటుంది. దాన్ని భూమిలోకి దించేది ఎర్త్ పిన్ను. త్రీ పిన్ ప్లగ్గులో ఆ పిన్ను పొడుగ్గా ఉండేది ఎందుకంటే, సాకెట్లో మిగతా రెండింటికన్నా ముందు అదే తగలాలని. టూ పిన్ అడాప్టర్‌తో మీరు దాన్ని తప్పించాక ఇన్నాళ్లూ ఎర్త్ పని చేసింది మీ ఆడియో వైరు పైన ఉండే సన్నటి జాలీ. అది కూడా తీసేసరికి ఆ కరెంటుకి మీ చెయ్యే దారి అయింది. రేపు లోపల ఫేజ్ వైరు ఊడి కేబినెట్‌కి తగిలితే 230 వోల్టులు! ఆ ఆడియో వైర్లతోనే మీ మైకు ఇనుప జాలీకీ సంబంధం ఉంది. పెదవి ఆనేది దానికే.

శ్రోత: అయ్యో! మరి మోత సంగతి?

నిపుణుడు: కంప్యూటర్ ఏ సాకెట్లో ఉంది, మిక్సర్ ఏ సాకెట్లో ఉంది?

శ్రోత: కంప్యూటర్ ఇన్వర్టర్ పాయింట్‌లో. మిక్సర్, స్పీకర్లు కిటికీ పక్కన.

నిపుణుడు: రెండు చోట్ల ఎర్త్ మట్టం కాస్త తేడాగా ఉంటుంది. రెండు చెరువుల మధ్య కాలువ తవ్వితే నీళ్లు పారినట్టు, మీ ఆడియో వైరు గుండా ఆ తేడా కరెంటు పారుతోంది. అది పాటతో కలిసి స్పీకర్లోకి వస్తోంది. మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి, ఎర్త్ ఉన్న బోర్డుకి. లైన్లోనే ఉండండి.

వ్యాఖ్యాత: ఈలోగా కరీంనగర్ నుంచి ఒక విద్యార్థి. చెప్పు బాబూ.

శ్రోత 2: సార్, హెడ్‌ఫోన్‌లో మౌస్ కదిపినప్పుడల్లా గీమంటోంది.

నిపుణుడు: కేబినెట్ ముందు వైపు జాక్‌కి పెట్టావా? ఆ వైరు లోపల బోర్డు మీదుగా వస్తూ అక్కడి గోలంతా మోసుకొస్తుంది. వెనక వైపు జాక్‌కి పెట్టి చూడు. అప్పటికీ వస్తే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కో.

వ్యాఖ్యాత: టీచర్ గారూ, అయిందా?

శ్రోత: అయిందండీ. మోత దాదాపు లేదు. స్పీకర్‌కి చెవి ఆనిస్తే సన్నగా ఉంది.

నిపుణుడు: ఆడియో వైర్లు, కరెంటు వైర్లు ఒకే కట్టగా ఉంటే విడదీయండి. ఇంకా వినిపిస్తే కంప్యూటర్‌కీ మిక్సర్‌కీ మధ్య గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టుకోవచ్చు. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, పాటని పంపుతాయి, ఆ కరెంటు దారిని తెంచేస్తాయి. కాకపోతే చవకవాటిలో మంద్రం పలచబడుతుంది. మీకు అదే ప్రాణం కాబట్టి తొందరపడి కొనకండి. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో ప్రతి సాకెట్లో ఎర్త్ ఉందో లేదో మాత్రం చూపించండి. సాకెట్లో న్యూట్రల్‌నే, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరునే, ఎర్త్‌కి కలిపేస్తానంటే ఒప్పుకోవద్దు. మీ ఎర్త్ గుంత ఎక్కడుంది?

శ్రోత: పెరట్లో, నూతి పక్కన. దాని మూత తీసి ఎన్నాళ్లయిందో!

నిపుణుడు: ఎండాకాలం మట్టి ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచేయదమ్మా. రెండు బకెట్లు నీళ్లు పోయండి.

శ్రోత: ఆరున్నరకి క్లాసు ఉందండీ. దానికి ముందే పోస్తాను.