గొట్టం దారిలో సముద్రం: తీరపు అక్వేరియంలో ఏం చూడాలి?

[దృశ్యం: తీరంలోని రాళ్ల మీద అల విరిగిపడుతుంది. కెమెరా నీటి అడుగుకు దిగి, సముద్రంలోంచి భవనం వైపు సాగే లావుపాటి గొట్టాన్ని చూపిస్తుంది.]

నమస్కారం. సముద్రపు ఒడ్డున ఉన్న అక్వేరియంలోకి అడుగుపెట్టగానే మనలో చాలామందిమి పెద్ద చేప ఎక్కడుందా అని వెతుకుతాం. ఈ వీడియోలో మాత్రం ముందుగా నీటిని గమనించమని మిమ్మల్ని కోరుతున్నాను. సముద్రానికి దూరంగా కట్టిన అక్వేరియంలో శుద్ధి చేసిన మంచినీటికి కొలత ప్రకారం లవణాలు కలిపి ఉప్పునీటిని తయారుచేసుకోవాలి. తీరంలో ఉన్నదానికి ఆ అవసరం ఉండదు. గోడ అవతలి సముద్రమే పంపుల ద్వారా లోపలికి వచ్చి, తొట్టెలలో తిరిగి, మళ్లీ సముద్రంలో కలుస్తుంది. ఒక్కో తొట్టె ఒక్కో ఆకారంలో ఎందుకుందో, అందులోని ప్రాణి ఎలా బతుకుతోందో తెలుసుకోవడానికి ఈ నీరు నడిచే దారే మనకు దారి.

[దృశ్యం: రెండంతస్తుల ఎత్తున్న తొట్టె. పైనుంచి ఎండ పడుతుండగా గోధుమవన్నె కెల్ప్ ఆకులు అటూ ఇటూ ఊగుతుంటాయి.]

అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో, ఒకప్పుడు సార్డిన్ చేపలను డబ్బాల్లో నింపే కర్మాగారం నడిచిన చోట, 1984లో మాంటెరే బే అక్వేరియం ప్రారంభమైంది. అక్కడి కెల్ప్ అడవి తొట్టె ఎత్తు 28 అడుగులు. కెల్ప్ చూడటానికి చెట్టులా ఉన్నా అది ఒక పెద్ద నాచు. దానికి నేలలోంచి సారం పీల్చే వేర్లు ఉండవు. రాయిని పట్టుకునే పట్టు మాత్రమే ఉంటుంది. తనకు కావలసిన పోషకాలను అది ఆకుల ద్వారా నీటిలోంచే తీసుకుంటుంది కాబట్టి నీరు కదులుతూ ఉండాలి, పైన ఆకాశం తెరిచి ఉండాలి.

అక్కడ పగటిపూట నీటిని వడపోసి పంపుతారు, లేకపోతే అద్దం వెనుక ఏదీ స్పష్టంగా కనిపించదు. సందర్శకులు వెళ్లిపోయాక, రాత్రివేళ, వడపోత లేకుండా సముద్రపు నీటిని ఉన్నదున్నట్టుగా వదులుతారు. ఆ నీటితో పాటు ప్లవకాలు, అంటే నీటితో పాటు కొట్టుకుపోయే, కంటికి ఆనని జీవులు, రకరకాల ప్రాణుల డింభకాలు, అంటే గుడ్డులోంచి వచ్చిన తొలిదశ పిల్లలు, నాచుల బీజాలు కూడా లోపలికి వస్తాయి. తొట్టెలోని ప్రాణులకు కొన్ని ఆహారమవుతాయి, మరికొన్ని రాతిని పట్టుకుని అక్కడే పెరిగి పెద్దవవుతాయి. వాటిని ఎవరూ వల వేసి పట్టి తీసుకురాలేదు. అక్వేరియంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇలా తమంతట తాము వచ్చి స్థిరపడిన ఈ చిన్న ప్రాణులే.

[దృశ్యం: రాతి మూల మీద వేలిగోరంత తెల్లని గుల్ల. అది తెరుచుకోగానే ఈక లాంటి కాళ్లు బయటికి వచ్చి, నీటిని ఊడ్చి, లోపలికి ముడుచుకుంటాయి.]

ఇది బార్నకిల్. గుల్ల చూసి నత్త జాతి అనుకుంటాం గానీ, ఇది రొయ్యకూ పీతకూ చుట్టం. డింభకంగా ఈదుతూ వచ్చి, తలను రాతికి అంటించుకుని, ఆ తరువాత జీవితమంతా అక్కడే ఉండిపోతుంది. ఈ ఈకల్లాంటి కాళ్లతో నీటిని దువ్వి, చిక్కిన ఆహారాన్ని నోటికి అందించుకుంటుంది. పెద్ద తొట్టె ముందు నిలబడినప్పుడు ఒక్క రెండు నిమిషాలు ఇలాంటి మూల ఒకటి ఎంచుకుని కదలకుండా చూడండి.

[దృశ్యం: సీ ఆటర్ వెల్లకిలా తేలుతూ ముంజేతులతో ఒంటిమీది బొచ్చును రుద్దుకుంటుంది.]

చన్నీటిలో బతికే ఈ సీ ఆటర్‌కు, అంటే సముద్రపు నీటికుక్కకు, తిమింగలానికి ఉన్నట్టుగా చర్మం కింద దళసరి కొవ్వు పొర లేదు. చదరపు అంగుళానికి 10 లక్షల వరకు వెంట్రుకలుండే బొచ్చు, అందులో చిక్కుకున్న గాలి, ఈ రెండే దానికి దుప్పటి. అందుకే అది రోజులో ఎంతోసేపు ఒళ్లు శుభ్రం చేసుకుంటూ కనిపిస్తుంది. మనకు ఆటలా తోచేది దానికి ప్రాణావసరం. ఆ బొచ్చు కోసమే మనుషులు వీటిని దాదాపు అంతం చేశారు. మాంటెరేలో, తల్లిని కోల్పోయిన పిల్లలను అక్కడ ఉండే ఆడ ఆటర్లకు అప్పగించి పెంచుతారు. పిల్లలు మనుషులకు అలవాటు పడకూడదని, వాటి దగ్గరికి వెళ్లే సిబ్బంది నల్లని వస్త్రం కప్పుకుని, ముఖం కనబడకుండా వెల్డింగ్ పనివారి ముసుగు వేసుకుంటారు. పిల్లను ముద్దుచేయాలని ఎవరికి ఉండదు? అయినా ఆ ప్రేమను ముసుగు వెనుకే దాచుకోవడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

[దృశ్యం: నీలికాంతిలో గుండ్రని తొట్టె. మూన్ జెల్లీలు మెల్లగా చుట్టూ తిరుగుతుంటాయి.]

జెల్లీఫిష్‌కు మెదడు లేదు, గుండె లేదు, శరీరంలో 95 శాతం నీరే. ప్రవాహానికి ఎదురీదలేని ఈ ప్రాణి చతురస్రపు తొట్టెలో మూలకు చేరితే అక్కడే చిక్కుకుని నలిగిపోతుంది. అందుకే దీని తొట్టెకు మూలలు లేకుండా చేసి, నీరు చుట్టూ తిరుగుతూ జెల్లీని నెమ్మదిగా మోసేలా అమర్చుతారు.

[దృశ్యం: తాకి చూసే లోతులేని కొలను. తడిచేతి రెండు వేళ్లు సముద్ర నక్షత్రం వీపును సుతారంగా తాకుతాయి.]

తాకి చూసే కొలను దగ్గర సిబ్బంది చెప్పినట్టే చేయండి: చేయి కడుక్కుని, తడిపి, రెండు వేళ్లతో తాకండి, నీటిలోంచి మాత్రం పైకి తీయవద్దు. సముద్ర నక్షత్రం రాతిని వందలాది సన్నని గొట్టపు పాదాలతో పట్టుకుని ఉంటుంది. బలవంతంగా లాగితే ఆ పాదాలు తెగిపోతాయి.

[దృశ్యం: మసక వెలుతురు. అద్దానికి అంటుకున్న ఆక్టోపస్ చూషకాలు (చేతుల మీద పీల్చి పట్టుకునే గిన్నెల్లాంటి భాగాలు) ఒకదాని తరువాత ఒకటి ముడుచుకుని విచ్చుకుంటాయి.]

చివరగా ఆక్టోపస్. ఇక్కడ ఫ్లాష్ వాడకండి, అద్దం మీద తట్టకండి. తొట్టె ఖాళీగా ఉన్నట్టు కనిపించినా వెళ్లిపోకండి, ఎందుకంటే అది రాతి రంగులోకి మారి మీ ఎదుటే ఉండవచ్చు. దీనికి మూడు గుండెలు. రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉండటం వల్ల అది నీలంగా ఉంటుంది. నాడీకణాలలో దాదాపు మూడింట రెండు వంతులు చేతులలోనే ఉంటాయి. అద్దాన్ని తడిమే ఆ చూషకాలు తాకిన ప్రతిదాన్నీ రుచి కూడా చూస్తాయి. ఇంత పెద్ద శరీరంలో గట్టి భాగమల్లా చిలుక ముక్కు లాంటి నోరు ఒక్కటే కాబట్టి, ఆ ముక్కు పట్టే సందు దొరికితే మిగిలిన ఒళ్లంతా అందులోంచి జారిపోగలదు.

న్యూజిలాండ్‌లోని నేపియర్ నగరంలో, జాతీయ అక్వేరియంలో ఉన్న ఇంకీ అనే ఆక్టోపస్ 2016లో సరిగ్గా ఇదే చేసింది. రాత్రివేళ తొట్టె మూతకు మిగిలిన చిన్న సందులోంచి బయటికి వచ్చి, నేల మీద పాకుతూ వెళ్లి, సముద్రంలోకి తెరుచుకునే నీటిని బయటికి పంపే 50 మీటర్ల గొట్టంలోకి దిగి వెళ్లిపోయింది. మనం ఈ వీడియో మొదట్లో చూసిన నీటికి తిరుగుదారి అలాంటి గొట్టమే.

[దృశ్యం: గొట్టం చివర. నీరు బయటికి వచ్చి సముద్రంలో కలుస్తుంది.]

ఇంకీ మళ్లీ కనిపించలేదు. దానితో పాటు ఉన్న బ్లాచీ అనే మరో ఆక్టోపస్ మాత్రం ఆ రాత్రి తొట్టెలోనే ఉండిపోయింది.