సంక్రాంతి సెలవుల్లో ఒక హత్య: మిస్టరీ కథకు గూగుల్ షీట్‌లో ప్లాన్ వేయడం

అందరికీ నమస్కారం. ఈరోజు ఒక హత్య మిస్టరీకి ప్లాన్ వేద్దాం. కథ రాయడం ఇంకో వీడియోలో చూద్దాం, ఇప్పుడు ప్లాన్ మాత్రమే. చిన్న ఊరు, సంక్రాంతి సెలవులు, ఇంటినిండా చుట్టాలు, భోగి తెల్లవారుజామున పొలంలో శవం. ఊరు మన వరంగల్ పక్కన, వర్ధన్నపేట వైపు అనుకోండి. ఊరి పేరు మీరే పెట్టుకోండి.

షీట్ ఓపెన్ చేశాను. పై వరుసలో హెడ్డింగులు: టైము, ఎక్కడ, ఎవరు, నిజంగా ఏం జరిగింది, వాళ్లు ఏం చెప్తారు, పాఠకుడికి ఎప్పుడు తెలుస్తుంది. వ్యూలోకి వెళ్లి, ఫ్రీజ్, వన్ రో. అయిపోయింది. తెలుగు టైపింగ్ ఫోన్లో అయితే నేను జీబోర్డ్ మైక్ నొక్కి మాట్లాడేస్తాను, అవ్వల మాటలు అలా చెప్తేనే బాగా వస్తాయి. ఒకే గడిలో రెండు లైన్లు కావాలంటే ఆల్ట్, ఎంటర్.

ఇప్పుడు మనుషులు. తాత, అవ్వ, హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద కొడుకు, దుబాయ్ నుంచి వచ్చిన చిన్న కొడుకు, ఇద్దరు కోడళ్లు, ఒక మనవరాలు. చనిపోయేది తాత. చంపింది చిన్న కోడలు. ఇది ముందే రాసేయండి, నాలుగో కాలమ్‌లో. ఎవరు చంపారో తేలకుండా మొదటి పేజీ మొదలుపెట్టకండి.

ఎందుకు చంపింది? భూమి. పండుగ సెలవులు అయిపోగానే తహసీల్దార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్‌కు తాత స్లాట్ బుక్ చేసుకున్నాడు. ఆఫీసు తెరిచేలోపే ఏదో ఒకటి చేయాలి. చూడండి, సెలవు ఇక్కడ గడువుగా పని చేస్తోంది. చాలా కథల్లో పండుగ అంటే ముగ్గులు, గాలిపటాలు, అరిసెలు వర్ణించి వదిలేస్తారు. ఆ కథను దసరాకు మార్చినా ఏమీ తేడా రాదు. సంక్రాంతి తీసేస్తే ఈ హత్యే జరగకూడదు, జరిగినా దొరకకూడదు. మనం అలా కట్టాలి.

పోలీసులు కూడా అంతే. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర ఉంటుంది, చుట్టుపక్కల స్టేషన్ల వాళ్లు బందోబస్తుకు పోతారు. కాబట్టి పొద్దున ఫోన్ చేస్తే ఎస్సై వెంటనే రాడు. ఆ రెండు మూడు గంటల్లో ఊరంతా వచ్చి శవం చుట్టూ తిరుగుతుంది, మడి గట్టు మీద అడుగుల గుర్తులన్నీ పోతాయి. ఇక్కడ రాశాను, చూడండి, ఏడో వరుస.

పోలీసులు ఏ సెక్షన్ కింద కేసు రాస్తారో త్వరగా చెప్తాను. కథ 2024 జులై 1 తర్వాత జరిగితే కొత్త చట్టాలు: అనుమానాస్పద మృతికి బీఎన్‌ఎస్‌ఎస్ 194, హత్య అని తేలాక బీఎన్‌ఎస్ 103. అంతకు ముందు జరిగితే పాత చట్టాలు: సీఆర్పీసీ 174, ఐపీసీ 302. సంవత్సరం ముందు తేల్చుకోండి.

సంవత్సరంతో ఇంకో లాభం ఉంది. తాత రాత్రిపూట మోటర్ దగ్గరికి ఎందుకు వెళ్లాడు? ఒకప్పుడైతే ఎవరూ ఈ ప్రశ్న అడగరు. రాత్రి కరెంటు వస్తే టార్చిలైటు పట్టుకుని పోవాల్సిందే. కానీ తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి మొదలైంది. పైగా మోటర్‌కు ఆటో స్టార్టర్ ఉంది, కరెంటు రాగానే మోటర్ దానంతట అదే నడుస్తుంది. మరి చలిలో, రాత్రి తొమ్మిదిన్నరకు, మఫ్లర్ కట్టుకుని ఎందుకు పోయినట్టు? ఎవరో పిలిచారు. చిన్న కోడలు అక్కడ శవాన్ని కరెంటు షాక్ కొట్టినట్టు పడేసింది. ఊరి వాళ్లందరూ ముందు షాకే అనుకుంటారు. ఎస్సై మాత్రం ఆటో స్టార్టర్ వైపు చూస్తాడు.

సరే, ఇక్కడ ఆగుదాం. ఈ గడి చూడండి: 'చనిపోయిన టైము'. దీని మీద కాసేపు ఉంటాను, ఎందుకంటే చలికాలం కథలు ఎక్కువగా కూలిపోయేది ఇక్కడే.

నిజంగా జరిగింది రాత్రి 10 గంటలకు. శవం కనపడింది ఉదయం ఐదున్నరకు. మధ్యలో ఏడున్నర గంటలు. యాసంగి నాట్లు వేసిన మడి, నీళ్లు నిండి ఉన్నాయి, తాత సగం ఆ నీళ్లలో పడి ఉన్నాడు. బయట చలి. చలి రెండు పనులు చేస్తుంది, ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, తడిలో అయితే ఇంకా త్వరగా. కానీ బిగుసుకుపోవడం మాత్రం నెమ్మదిస్తుంది. మామూలుగా కొన్ని గంటల్లో దవడ దగ్గర మొదలై, దాదాపు 12 గంటలకు ఒళ్లంతా కట్టెలా బిగుస్తుంది. చలిలో అది ఆలస్యంగా మొదలై, ఎక్కువసేపు ఉంటుంది.

అంటే ఏమైంది? చెయ్యి పెట్టి చూసినవాడు 'ఐసులా ఉన్నాడు, చాలాసేపైంది' అంటాడు. కాలు వంచి చూసినవాడు 'ఇంకా వంగుతోంది, ఇప్పుడే పోయాడు' అంటాడు. ఇద్దరూ చూసింది నిజమే. ఇద్దరి మాటా తప్పే. ఈ గొడవను ఇంటి ముందు చలిమంట దగ్గర మాటల్లో పెట్టండి. ఊరు రెండుగా చీలుతుంది, అనుమానం కూడా రెండుగా చీలుతుంది. ఇప్పుడే పోయాడు అనుకుంటే తెల్లవారుజామున బయటికి వెళ్లిన పెద్ద కొడుకు మీదికి పోతుంది.

డాక్టర్ చేత 'పది గంటల ఇరవై నిమిషాలకు' అని మాత్రం చెప్పించకండి. పోస్ట్‌మార్టం అంత కచ్చితమైన టైము ఇవ్వదు. ఇదిగో, నేను రాసింది: రాత్రి 9 నుంచి 1 మధ్య. నాలుగు గంటల ఖాళీ. ఆ ఖాళీని ఇరుకు చేయడం డాక్టర్ పని కాదు, కథ పని. షీట్‌లో ఆ నాలుగు గంటల వరుసలకు పసుపు రంగు వేశాను, మీరూ వేసుకోండి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగం. సకినాలు.

పండుగ ముందు రాత్రి మన ఇళ్లలో ఆడవాళ్లందరూ కూర్చుని సకినాలు చుడతారు. నానబెట్టిన బియ్యం గిర్నీలో పట్టించి, నువ్వులు, వాము కలిపిన పిండి. పాత చీర పరిచి దాని మీద చుట్టి, కాస్త ఆరాక నూనెలో వేస్తారు. చేతి రాతలాగే సకినం కూడా ఎవరిది వాళ్లదే. ఒకరిది సన్నం, ఒకరిది లావు, కొందరికి మూడు చుట్లు, కొందరికి నాలుగు. మన చిన్న కోడలిది ఎడమచేతి వాటం. ఆమె సకినం రెండో వైపు తిరుగుతుంది.

ఈ సంగతి పాఠకుడికి ముందే చెప్పాలి. కానీ ఆధారంలా కాదు, ముద్దుగా. రెండో అధ్యాయంలో అవ్వ నవ్వుతూ అంటుంది: 'మా చిన్న కోడలి సకినం ఎప్పుడూ ఉల్టానే తిరుగుతది, బిడ్డా.' అంతే. అందరూ నవ్వుతారు, పిండి అయిపోయిందని ఎవరో అరుస్తారు, మాట మారిపోతుంది. ఆ మాట చెప్పిన వెంటనే ఇంకో పని నడిపించండి, లేకపోతే పాఠకుడి కన్ను అక్కడే ఆగుతుంది.

ఇక టైములు. పరిచిన చీరలు మూడు. మొదటిది ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నిండింది. రెండోది పదిన్నర దాకా. తర్వాత మూడోది. 'మీరు ఎక్కడున్నారు' అని అడిగితే చిన్న కోడలు 'లేవకుండా సకినాలే చుట్టాను' అంటుంది. మిగతా వాళ్లు కూడా 'ఇక్కడే ఉంది కదా' అంటారు. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. పదిమంది కూర్చున్న చోట ఎవరు లేచారో ఎవరు లెక్కపెడతారు? పొయ్యి దగ్గరికి పోయిందనుకుంటారు, పిల్లను పడుకోబెట్టడానికి పోయిందనుకుంటారు.

రెండో చీర మీద ఒక్క ఉల్టా సకినం కూడా లేదు.

తెల్లారేలోపు అవన్నీ కాల్చి డబ్బాల్లో పెట్టేశారు, ఓదార్చడానికి వచ్చిన చుట్టాలు తినేశారు కూడా. ఆధారం పోయింది. మిగిలింది మనవరాలి ఫోన్. ఒక్కో చీర నిండగానే ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టింది. స్టేటస్ 24 గంటలకు పోతుంది, గ్యాలరీలో ఫొటో ఉంటుంది, టైముతో సహా.

ఒక చిన్న జాగ్రత్త. ఫొటో వెనక కెమెరాతోనే తీసినట్టు రాయండి. సెల్ఫీ కెమెరా అయితే కొన్ని ఫోన్లలో ఎడమ కుడి తారుమారై సేవ్ అవుతుంది. అప్పుడు సకినం తిప్పు కూడా మారుతుంది, కేసు మొత్తం పోతుంది. కావాలంటే దీన్నే మలుపుగా వాడుకోవచ్చు. ముందు సెల్ఫీ ఫొటో దొరికి తప్పు మనిషిని పట్టుకుంటారు, తర్వాత అసలు ఫొటో వస్తుంది. నేనైతే వాడను. తిప్పు చూసి మనిషిని గుర్తుపట్టేది అవ్వ కావాలి, ఫోన్ సెట్టింగులు కాదు. ఎస్సై మూడు ఫొటోలు చూపించి 'ఏది ఎవరిదమ్మా' అని అడుగుతాడు. అవ్వ ఒక్కొక్కటీ వేలు పెట్టి చెప్పుకుంటూ పోతుంది. రెండో ఫొటో దగ్గర వేలు వెతుకుతుంది. ఆమెకు కోడలంటే ప్రాణం. ఈ సీన్‌కు నాలుగు పేజీలైనా ఇవ్వండి, తొందరపడకండి.

చివరి పని. డేటా, క్రియేట్ ఎ ఫిల్టర్. ఆరో కాలమ్‌లో, పాఠకుడికి ఎప్పుడు తెలుస్తుంది అన్న చోట, 'చివరి అధ్యాయం' అని ఫిల్టర్ చేయండి. ఇదిగో, మూడు వరుసలు వచ్చాయి. ఇందులో రెండోది ఆటో స్టార్టర్. ఇది చివర్లో తెలిస్తే మోసం. పాఠకుడు ముందే చూసి ఉండాలి. దీన్ని మొదటి అధ్యాయానికి మారుస్తున్నాను, తాత కొత్త స్టార్టర్ పెట్టించానని పెద్ద కొడుక్కి గొప్పగా చూపించే చోటికి. మళ్లీ ఫిల్టర్. ఇప్పుడు రెండే ఉన్నాయి: ఎవరు చంపారు, ఎందుకు చంపారు. అవి రెండూ అక్కడే ఉండాలి.

ఈ షీట్ లింక్ కింద ఇచ్చాను. ఫైల్‌లో మేక్ ఎ కాపీ నొక్కి మీ కాపీలో మార్చుకోండి, పసుపు వరుసల్లో మాత్రం ముందు మీ ఊరి టైములు నింపండి.