రెండు రంగుల ఊలు టోపీ: వెనక దారం బిగుసుకోకుండా

అందరికీ నమస్కారం. ఇవాళ అల్లబోయేది ఇదిగో, ఈ టోపీ. ముదురు నీలం, మీగడ తెలుపు. ఏ వరసలోనైనా రెండు రంగులే, అంతకు మించి రావు.

3.5 మిల్లీమీటర్ల సర్క్యులర్ నీడిల్, అంటే మధ్యలో తీగతో కలిపిన రెండు సూదుల మీద 96 కుట్లు ఎక్కించి, మెలి పడకుండా గుండ్రంగా కలిపేశాను. రెండు నిట్ (సూటి కుట్టు), రెండు పర్ల్ (తిరగ కుట్టు), అలా 5 సెంటీమీటర్లు. ఇది మీకు వచ్చే ఉంటుంది, గబగబా వెళ్లిపోదాం. ఇప్పుడు 4 మిల్లీమీటర్ల నీడిల్‌కి మారండి. చార్ట్‌లో (ఏ కుట్టు ఏ రంగో చూపే గళ్ల బొమ్మ) అడ్డంగా 8 గడులు, అంటే డిజైన్ చుట్టూ 12 సార్లు వస్తుంది. కుడి నుంచి ఎడమకి చదవాలి, ప్రతి వరసా అంతే.

ఇక్కడ కాస్త ఆగండి. కెమెరా దగ్గరికి తెస్తున్నా. అల్లని రంగు వెనకాల అడ్డంగా పోతోంది చూశారా, అదే ఫ్లోట్. నా మొదటి టోపీకి కుట్లు నీట్‌గా రావాలని దాన్ని లాగి పట్టుకుంటూ అల్లాను, పూర్తయ్యాక తలకి ఎక్కనే లేదు, మొత్తం విప్పాల్సి వచ్చింది. కుట్టు సాగుతుంది, ఫ్లోట్ సాగదు, అదీ సంగతి. అందుకే రంగు మార్చే ముందు కుడి సూది మీది కుట్లని వేలితో ఇలా వెడల్పుగా జరిపి, అప్పుడు కొత్త రంగుతో కుట్టు వేయండి. మళ్లీ చూపిస్తా. జరిపాను... వేశాను. ఇంకోసారి. జరిపాను, వేశాను. ఒకే రంగు 5 కుట్లు దాటితే మధ్యలో ఫ్లోట్‌ని అల్లే దారంతో ఒకసారి మెలేయండి, కానీ పై వరసలో మళ్లీ అదే చోట వద్దు, ముందుకి కనిపిస్తుంది.

నేనైతే చేతికో రంగు పట్టుకుంటా, డిజైన్ రంగు ఎడమ చేతిలో. ఎడమ చేతి దారం వెనకాల కింది నుంచి వస్తుంది, అలా వచ్చే దారం కుట్లు కాస్త పెద్దగా పడతాయి, డిజైన్ బాగా తేలుతుంది. మధ్యలో మాత్రం చేతులు మార్చకండి.

డిజైన్ అయ్యాక ఒకే రంగుతో పైకి తగ్గించుకుంటూ పోవడమే. 6 నిట్, రెండు కలిపి ఒకటి, చుట్టూ 12 తగ్గుతాయి. తర్వాత మామూలు వరస, మళ్లీ 5 నిట్, రెండు కలిపి ఒకటి, ఇలాగే. 12 మిగిలాక దారం తెంపి వాటిలోంచి లాగేయండి.

చివర్లో గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా టవల్‌లో ఒత్తి, తలంత గిన్నె మీద బోర్లించండి. ఇది తడపక ముందు, ఇది ఆరాక. లోపలివైపు తిప్పి సాగదీస్తున్నా, చూడండి, ఫ్లోట్లు ఎక్కడా పట్టేయడం లేదు.