ముందు ఊపిరి ఆడనివ్వండి

అందరికీ నమస్కారం.

క్యాన్సర్ తిరగబెట్టిన మనిషికి ఆయాసం మొదలైతే, జబ్బు ముదిరింది, ఇక చేసేదేమీ లేదని ఇంట్లోవారు దిగులుపడతారు. వైద్యులం మేమూ ఒక్కోసారి అలాగే చేతులెత్తేస్తాం. అలా వదిలేసే ముందు ఒక్కసారి శ్వాసనాళంలోకి తొంగి చూడమని అడగడానికే వచ్చాను.

పెద్దవారి శ్వాసనాళం వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. కంతి పెరిగి దారి 8 మిల్లీమీటర్లకు తగ్గేదాకా చాలామందికి తెలియనే తెలియదు. అప్పుడు మెట్లెక్కితే ఆయాసం. 5 మిల్లీమీటర్లకు వచ్చేసరికి కూర్చున్నా ఆయాసమే. దారి వెడల్పు సగమైతే గాలికి అడ్డంకి రెట్టింపుతో ఆగదు, దాదాపు 16 రెట్లవుతుంది. నిన్న నడిచిన మనిషి ఇవాళ వెల్లకిలా పడుకోలేకపోవడం అందుకే.

ఇలా దారి ఇరుకైనప్పుడు వచ్చే చప్పుడు గుర్తుపట్టండి. ఉబ్బసంలో పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వినిపిస్తాయి. గొంతుకు దగ్గరగా అడ్డు ఉంటే గాలి పీల్చేటప్పుడు మెడ దగ్గర గరుకైన ఈల వినిపిస్తుంది. దాన్ని ఉబ్బసమనుకుని వారాల తరబడి ఇన్‌హేలర్ వాడినవారిని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

రేడియేషన్, కీమో పనిచేయడానికి రోజులు, వారాలు పడతాయి. పైగా ఒకసారి రేడియేషన్ తీసుకున్నచోట మళ్లీ ఇవ్వడానికి హద్దుంటుంది. ఊపిరి అంతకాలం ఆగదు. అందుకే మత్తిచ్చి, నోటి గుండా లోహపు గొట్టం దింపుతాం. 1897లో జర్మనీలో గుస్టావ్ కిలియన్ ఒక రైతు కుడి శ్వాసనాళ శాఖలోని ఎముక ముక్కను తీసింది ఇలాంటి గొట్టంతోనే. దాని గొప్పతనం ఏమిటంటే, గాలి అందిస్తూనే అందులోంచి పని చేయవచ్చు. లోపల పెరిగిన కంతిని గొట్టం అంచుతోనే చెక్కి, రక్తం కారేచోట లేజర్‌తో కాలుస్తాం. ఆ కాసేపు ఆక్సిజన్ 40 శాతం దాటనివ్వం, లేకపోతే లోపలే మంట అంటుకోవచ్చు. కంతి బయటినుంచి నొక్కుతుంటే లేజర్‌కు పనిలేదు, దారిని తెరిచి ఉంచే చిన్న గొట్టం, అంటే స్టెంట్ వేయాలి.

క్యాన్సర్ నయం కాదు, ఆ మాట దాచను. కానీ ఆ రాత్రి మనిషి పడుకుని నిద్రపోతాడు. కొందరు మళ్లీ కీమో తట్టుకునేంతగా కోలుకుంటారు.

స్టెంట్ వేయించుకున్నవారికి ఒక విన్నపం. అందులో కఫం గడ్డకడుతుంది, సెలైన్ ఆవిరి మానకండి. స్టెంట్ వివరాల కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. అత్యవసరంలో ఎవరైనా గొంతులో గొట్టం వేయబోతే, ముందు ఆ కార్డు చూపించండి. చూడకుండా వేస్తే స్టెంట్ పక్కకు జరిగిపోవచ్చు.